కంచె అవతలి కల్లు

ఆ రోజుల్లో గడప దాటితే ఐదు కిలోమీటర్లనీ, మనిషికీ మనిషికీ రెండు మీటర్లనీ అన్నిటికీ కొలతలుండేవి. నోటికి మాస్కు సరేసరి. నా నోటికి మాత్రం అంతకు మూడేళ్ల ముందు నుంచే కట్టు ఉంది. (అది కట్టింది కరోనా కాదు, నా బిడ్డ.) మాది కల్లు గీసే ఇల్లు. పలక పట్టాల్సిన వయసులో కల్లు లొట్టి పట్టి, యాభై దాటాక అక్షరాలు నేర్చినదాన్ని. చుట్టూ తిప్పి రాయడం నాకు రాదు. నాకు కల్లంటే ఇష్టం. అయితే పెళ్లి మాటలప్పుడు నా బిడ్డ అత్తవారితో “మా అమ్మ ముట్టదు” అనేసింది. ఆ మాట నిలబెట్టడానికి ఐర్లాండ్‌లోని లూకన్‌లో వాళ్లింట్లో మూడేళ్లుగా మంచినీళ్లూ చాయ్ తాగుతూ దేవతలా కూర్చున్నాను. అల్లుడు అంతకన్నా పెద్ద దేవుడు. అత్తమ్మ ముందు తాగకూడదని బీరు డబ్బాలు పెరట్లో షెడ్డులో, గడ్డి కోసే మిషన్ వెనక దాచుకునేవాడు. రోజూ సాయంత్రం గడ్డి చూసొస్తానని వెళ్లేవాడు. ఆ గడ్డి అంత చూడదగ్గదేం కాదు.

కంచె అవతల అద్దెకుండే కొరియా పిల్లకు మేము ఓసారి గోంగూర పచ్చడి ఇచ్చాం. దానికి బదులుగా ఒక శనివారం వాన వెలిశాక, ఉల్లికాడల అట్లూ, ఎర్రగా కారం పట్టించిన కోడి వేపుడూ కంచె మీదుగా అందించింది. తన వైపు బల్ల మీద మూడు సీసాలు కూడా వరసగా పెట్టింది. దేనితో ఏది తాగాలని అల్లుడు ఆఫీసు మీటింగులో అడిగినట్టు అడిగాడు. (ఊరికే తెలుసుకోవడానికట.) ఆమె చెప్పింది నా బిడ్డ నాకు తెలుగులో చెప్పింది. కోడికి బీరు, కాల్చిన మాంసానికి పచ్చ సీసాలోని సోజు, అట్టుకు బియ్యం పులియబెట్టిన ఈ తెల్లది, అదీ వాన పడే రోజున.

“గట్లయితే ఐర్లాండ్ల రోజూ అట్లే పోసుకోవాలె,” అన్నాడు అల్లుడు.

ఆమె తెల్ల సీసాను మెల్లగా తలకిందులు చేసి, మూత తీసి, దాని పేరు చెప్పింది. మక్కొల్లి. అదే వేళకు పులిసిన వాసన కంచె దాటొచ్చి నా ముక్కుకు తగిలింది. నాకు వినబడ్డది మాత్రం ‘మా కల్లు’.

“మీదెట్లయితది పిల్లా, కల్లు మాది,” అంటూ చెయ్యి చాపాను.

నా బిడ్డ మొహంలో నెత్తుటి చుక్క లేదు. “అమ్మా, ఊకో. ఆయన ఉన్నడు.”

“ఉంటే ఉండనియ్యి. నీ పెండ్లికి నువ్వాడిన అబద్ధం నేనెన్నేండ్లు మొయ్యాలె?”

అల్లుడు అట్టు ముక్క నోట్లో పెట్టుకుని నమలడం మరిచిపోయాడు. ఇక నా మర్యాద పోయినట్టే, మొదటి విమానం ఎక్కించేస్తారనుకున్నాను. (విమానాలు కూడా లేవు, అదొక ధైర్యం.)

ఆ పిల్లకు మా గొడవ అర్థం కాలేదు గాని, చాపిన చెయ్యి అర్థమైంది. ఒక గిన్నె నా చేతికిచ్చి, రెండు చేతులా సీసా పట్టి అందులో పోసింది. తర్వాత తనది తీసుకుని, మొహం పక్కకు తిప్పి తాగింది. కరోనాకు భయపడిందేమో అనుకున్నాను. కాదట. వాళ్ల దేశంలో పెద్దల ముందు తాగొచ్చు, మొహం మాత్రం పక్కకు తిప్పుకోవాలి, అదే మర్యాద అని నా బిడ్డ నీరసంగా చెప్పింది.

అల్లుడు అది విన్నాడు. లేచి షెడ్డులోకి వెళ్లి ఒక డబ్బా తెచ్చుకున్నాడు. నా ఎదుటే కూర్చుని, మెడ పూర్తిగా చెత్తడబ్బాల వైపు తిప్పి గుటక వేశాడు.

“మెడ పట్టుకుంటది అల్లుడా, ఇటు తిరుగు.”

“మర్యాద అత్తమ్మా,” అన్నాడు, చెత్తడబ్బాలతోనే.

గిన్నెలోది మా తాటికల్లుకు సాటి రాదు. ఎంత పులిసినా బియ్యం బియ్యమే. ఆ మాటే ఆమెకు చెప్పమన్నాను. నా బిడ్డ “గ్రాండ్” అని చెప్పింది. (ఆ ఒక్క ఇంగ్లీషు మాట నాకు వచ్చు.) నేను దిద్దలేదు, ఇంకో గిన్నె పోయించుకున్నాను. ఒక్క మాట అంటే పోయేదానికి మూడేళ్లు దాహంతో కూర్చున్న ఆ ముసలిదాన్ని ఇప్పుడు తలుచుకుంటే జాలీ వేస్తుంది, నవ్వూ వస్తుంది. పిచ్చిది, వంటింట్లో చాయ్ ఊదుకుంటూ, తన పెద్దరికం వల్ల అల్లుడు సుఖంగా ఉన్నాడనుకునేది.