తిరగేసిన శాలువా

రెండేళ్ళపాటు నా ఆదివారాలన్నీ ఒక టీవీ సీరీస్ తినేసింది. నేను జిగణిలో యంత్రాల విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో తనిఖీ పని చేస్తాను, మడివాళలో పీజీలో ఉంటాను. వారమంతా ఇనుప ముక్కల కొలతలు చూసి విసిగిపోయేదాన్ని. అలాంటి రోజుల్లో ఆ సీరీస్ గురించి చర్చించుకునే తెలుగువాళ్ళ గుంపు ఒకటి ఫోన్లో కనబడింది. అయిదారుగురం ప్రతి ఆదివారం పొద్దున మార్కెట్ దగ్గర ఒక హోటల్ మేడమీద కలిసేవాళ్ళం.

కథ చెప్పడం తేలికే. భూమిని వదిలి తరతరాలుగా అంతరిక్షంలో సాగిపోతున్న ఓడ. అందులో మెలకువగా ఉన్నది ఎనిమిది మంది, వాళ్ళలో ఒకామె ఎప్పుడూ శాలువా కప్పుకునే డాక్టరు. ఓడ నడిమధ్యలో మూసిన గది ఒకటి. లోపలినుంచి ఎవరో తలుపు తడుతూ ఉంటారు. ఆ తట్టేది ఎవరు? దీనిమీద మేము కొట్లాడుకోని వారం లేదు.

గుంపు పెట్టినాయన సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఎవరు ఏ ఊహ చెప్పినా ల్యాప్‌టాప్‌లో పట్టికలోకి ఎక్కించేవాడు. తనకు నచ్చనిదైతే ఎక్కించకముందే కొట్టేసేవాడు. ఆయన తెలివిగలవాడు, ఆ మాట ఒప్పుకోవాలి. కాని ఎదుటివాళ్ళు సగం మాటలో ఉండగానే మిగతా సగం తనే పూర్తి చేసేవాడు. నాకు ఒళ్ళు మండేది. అయినా మరుసటి ఆదివారం మళ్ళీ వెళ్ళేదాన్ని.

ఒక వారం ఆనేకల్ నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. అరవై దాటి ఉంటాయి. ఇంట్లోనే పట్టు మగ్గాలు ఉన్నాయట. మధ్యాహ్నం భోజనాలయ్యాక మగ్గాలు ఆపే గంటలో కోడలితో కలిసి సీరీస్ చూస్తాడట. మాటలు అర్థం కాని చోట తెర కింద వచ్చే అక్షరాలు కోడలే చదివి చెబుతుందట. బస్సులు మారి వచ్చిన మనిషి గంటసేపు మా వాదనలన్నీ ఓపిగ్గా విన్నాడు. చివరికి మెల్లగా అన్నాడు.

"ఆ డాక్టరమ్మ శాలువా ఉండాది చూడప్పా, అది కొన్ని చోట్ల తిరగేసి కప్పుకొనుండాది. బుటా పువ్వుల వెనకల దారాలు తేలిండేది కనపడతాది. ఆ యమ్మ ఒంటిగా తలుపు ముందర నిలబడినప్పుడే అట్ల ఉండేది."

గుంపు పెట్టినాయన నవ్వాడు. "అంకుల్, అది కాస్ట్యూమ్ వాళ్ళ మిస్టేక్. ప్రతీదీ క్లూ కాదు."

"తప్పయితే ఒక తూరి అవుతాది కదప్పా," అన్నాడు పెద్దాయన. అప్పటికే చర్చ ఓడ ఇంధనం మీదికి వెళ్ళిపోయింది. ఆయన 'ఉండాది' అన్నప్పుడల్లా ఇద్దరు ఒకరినొకరు చూసుకుని నవ్వుకోవడం నాకు కనబడింది. మా అమ్మమ్మది హిందూపురం వైపు, ఆమె మాటా అదే. ఆ సంగతైనా చెప్పి ఉండాల్సింది. కాఫీ తాగుతూ కూర్చున్నాను.

పై శనివారం సెలవు. మధ్యాహ్నం కూర్చుని మొదటి భాగం నుంచి ఒక్కో దృశ్యం ఆపి చూశాను. డాక్టరు ఒంటరిగా తలుపు ముందు నిలబడ్డ దృశ్యాలు ఏడు. ఏడింటిలోనూ శాలువా తిరగేసే ఉంది. మిగతా చోట్ల ఒక్కసారి కూడా లేదు. శాలువా వెనకవైపు కనబడుతోందంటే మనం చూస్తున్నది తలుపు వెనకవైపని గుర్తు. ఆ ఏడు దృశ్యాలూ తలుపుకు ఇవతలివి కావు, అవతలివి. గదిలో ఉన్నది ఆమే. తడుతున్నదీ ఆమే. ఆ ఉద్వేగంలో నేను ఒక తెలివితక్కువ పని చేశాను. పెద్దాయనకు కాకుండా, దృశ్యాలన్నీ ఫోటోలు తీసి గుంపు పెట్టినాయనకు పంపాను. పెద్దాయన చెప్పింది నిజమేనని కింద రాశాను కూడా.

నాలుగు రోజులకు గుంపు పెట్టినాయన నెట్‌లో పెట్టిన వీడియో కనబడింది. నా ఫోటోలు, పెద్దాయన మాట, ఆయన గొంతు. "నేను గమనించిన ఒక చిన్న విషయం" అని మొదలైంది. చాలామంది చూశారు. ఫోన్ చేసి అడిగితే, ఐడియా గుంపులో పుట్టింది కాబట్టి గుంపుదే అన్నాడు. మరి 'నేను' అని ఎందుకు అన్నారని అడిగితే, వీడియోల్లో అలాగే మాట్లాడతారన్నాడు.

సీరీస్ చివరి భాగంలో తలుపు సగం తెరుచుకుంది. తెర నల్లబడింది. అంతే. ఇక తీయరని తర్వాత తెలిసింది. రెండేళ్ళు కొట్లాడుకున్నదానికి జవాబు లేదు. గుంపులో అందరూ తీసినవాళ్ళను తిట్టారు. నేనూ తిట్టాను. కాని నా కోపం నిజంగా ఎవరిమీదో నాకు తెలుసు.

క్షమాపణ చెబుదామని ఆనేకల్ వెళ్ళాను. మగ్గాల చప్పుడులో మాట వినబడదని పెద్దాయన నన్ను వసారాలో కూర్చోబెట్టాడు. వీడియో కోడలు చూపించిందట.

"బాగా చెప్పినాడు. నాకు అట్ల చెప్పేకి రాదు," అన్నాడు.

ఆయనకు కోపం రాకపోవడం నాకు ఇంకా చిరాకు తెప్పించింది. అది మీ మాట, మీ పేరు చెప్పాలి కదా అన్నాను. ఆయన ఆ మాట పక్కన పెట్టి ఇంకోటి అడిగాడు:

"ఆ పొద్దు నేను అడగల్ల అనుకొనింది వేరే ఉండాది మా. శాలువా తిరగేసి కప్పుకొంటివి తల్లీ అని ఆ యమ్మకు ఒక్కరూ చెప్పలేదే, ఏంటికి? పక్కన ఏడుమంది ఉండారు కదా."

నేను రెండేళ్ళుగా గది గురించి ఆలోచించాను, ఓడ గురించి ఆలోచించాను. ఆమె గురించి ఒక్కసారీ ఆలోచించలేదు. తెలియదన్నాను.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కూర్చుని, ఈసారి ఎవరి మాటో స్పష్టంగా చెబుతూ, ఆ ప్రశ్నను గుంపులో పెట్టాను. ఒకరు ఏ భాగమని అడిగారు. ఒకరు నవ్వు బొమ్మ పెట్టారు. గుంపు పెట్టినాయన విడిగా మెసేజ్ చేశాడు: ఈ యాంగిల్ కొత్తగా ఉంది, నెక్స్ట్ వీడియోలో వాడుకోవచ్చా?

అడగాల్సింది నన్ను కాదని రాసి, పెద్దాయన నంబరు పంపి, గుంపులోంచి బయటికి వచ్చేశాను. గుంపు పెట్టినాయన ఫోన్ చేయలేదని తర్వాత కోడలు చెప్పింది. వీడియో మాత్రం వచ్చింది.