కాపలా వదిలిన ఏనుగు

మా గ్యారేజీ వెనక విల్లాలో డ్రైవరుగా ఉన్న కడప భాయి మాతో చదరంగం ఆడితే తన బంటును కూడా వదులుకునేవాడు కాదు. తొంభైల మొదట్లో, గల్ఫ్‌లోని బౌషర్‌లో సంగతి ఇది. శుక్రవారం పేపర్లో వచ్చే పజిల్ దగ్గర మాత్రం వేరే మనిషయ్యేవాడు. ఒకసారి ఏనుగొకటి అవతలి రాజుకు కాపలా కాస్తోంది. భాయి ఏకంగా మంత్రినే దాని ముందు పెట్టాడు. దాన్ని చంపడానికి ఏనుగు కదలగానే ఆట కట్టు.

"కాపలావాన్ని కొట్టేది ఎందుకుప్పా, పక్కకు పిల్చుకుంటే సాలు" అన్నాడు.

ఆ విల్లాలో పనిచేసే గోదావరి జిల్లా వంటామెను యజమానురాలు మేడమ్ గడప దాటనిచ్చేది కాదు, తనే గుమ్మంలో కాపలా కూర్చునేది. వంటామెతో భాయి మాట్లాడగా నేనెప్పుడూ చూడలేదు. ఒక సాయంత్రం ఆయన కారును ప్రహరీ గోడకు గుద్దాడు. మేడమ్ కేకలేస్తూ అటు పరుగెత్తింది. అదే అదనుగా వంటామె గేటు దాటి ఎంబసీకి వెళ్లిపోయింది.

భాయి ఉద్యోగం పోయింది. ఊరికి పంపేస్తున్న రోజు, "కావాలనే గుద్దారా భాయ్?" అని అడిగాను.

"బ్రేకు పట్టల్యాప్పా."

కారు మా గ్యారేజీకే వచ్చింది. బ్రేకులు విప్పి చూశాను. ఏ లోపమూ లేదు. బంటును కూడా వదులుకోని మనిషి ఆయన.