ముక్కు మాస్టారి ఆదివారం వంట

బేకరీలో ఆయన్ని అందరూ ముక్కు మాస్టారనేవారు. ముక్కు పెద్దదని కాదు. మామూలు ముక్కే, ఇంకా చెప్పాలంటే కాస్త చప్పిడిది కూడానూ. ముప్పై రెండేళ్లు బట్టీ దగ్గర పనిచేసి, రొట్టె ఎప్పుడు తీయాలో తెలుసుకోవడానికి ఒక్కనాడైనా గడియారం వంక చూడని మనిషి ఆయన. ట్రేలు లోపలికి తోసి, ఇనుప తలుపు మూసి, చేతులు దులుపుకునేవాడు. అంతే, ఇక ముక్కు చూసుకునేది. ఎలా తెలుస్తుంది మాస్టారూ అని కొత్తగా చేరినవాళ్లు నోరెళ్లబెడితే, "పిండి వాసన పోయి రొట్టె వాసన వచ్చిందిగా, మీకు రాలేదూ?" అని వాళ్లకంటే ఎక్కువ ఆశ్చర్యపోయేవాడు.

అలాంటి ముక్కు మూడు నెలల కిందట ఓ పాడు జ్వరంలో కొట్టుకుపోయింది. జ్వరం వారానికే తగ్గింది. వాసన మాత్రం తిరిగి రాలేదు. రొట్టె లేదు, పాలు లేవు, సబ్బు లేదు, ఆఖరికి బేకరీ వెనకాల మురిక్కాలువ కూడా లేదు. పగవాడికైనా వద్దు అలాంటి బతుకు. పోనీ ఎవరితోనైనా చెప్పుకున్నాడా? అబ్బే! చొక్కా చేతి కింద వాచీ దాచుకుని, ఎవరూ చూడకుండా నిమిషాలు లెక్కపెట్టుకుంటూ నెట్టుకొచ్చాడు. కానీ బట్టీ గడియారానికి లొంగే రకం కాదు. ఓ రోజు కట్టెలు తడిగా ఉంటాయి, ఓ రోజు పిండి త్వరగా పొంగుతుంది. నిన్నటి పద్దెనిమిది నిమిషాలు ఇవాళ పనికిరావు. కిందటి వారంలో రెండు ట్రేల బన్నులు బొగ్గయ్యాయి.

యజమాని కేకలేసినా బాగుండేది. పాత యజమాని కొడుకతను, మాస్టారి కళ్లముందు పెరిగినవాడు. దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యేసి, "మాస్టారూ, ఒంట్లో బాగుండడం లేదేమో. ఇంకొక్క ట్రే మాడిందంటే మీరు ప్యాకింగులో కూర్చుందురుగాని. ఈ వేడి మీకెందుకు?" అన్నాడు. ఆ మెత్తటి మాటకి మాస్టారికి తల కొట్టేసినట్టయింది.

ఇంటావిడకి ఈ సంగతి ఎలా తెలిసిందో కూడా చెప్పాలి. ఆవిడ ఉద్యోగం బడిలో గంట కొట్టడం. ఈయనకి ముక్కు ఎలాగో ఆవిడకి గడియారం అలాగ. ఓ సాయంత్రం కూర పొయ్యి మీద పెట్టి, మేడ మీద ఆరేసిన బట్టలు తేవడానికి వెళ్లింది. కూర అడుగంటింది, మాడింది, ఆ కంపుకి పక్కింటావిడ పరుగెత్తుకొచ్చి తలుపు బాదింది. ఈయనగారు వంటింటి గుమ్మం పక్కనే కుర్చీలో కూర్చుని తాపీగా పేపరు చదువుకుంటున్నాడు.

"ఏమండీ, ఇల్లు తగలబడుతున్నా పేపరేనా?" అని కిందికొచ్చిన ఆవిడ అరిచింది. తర్వాత ఆయన మొహం చూసి ఆగిపోయింది. అప్పుడు చెప్పాడు. ఆవిడ గంటసేపు తిట్టింది. మాడిన కూరకి కాదు, దాచినందుకు.

మర్నాడే డాక్టరు దగ్గరికి లాక్కుపోయింది. జ్వరానికి ముక్కులో నరాలు మొద్దుబారాయనీ, రోజూ రెండుపూటలా ఘాటైన వాసనలు చూపించి వాటిని లేపాలనీ డాక్టరు చెప్పాడు. "వస్తుందంటారా?" అంటే, "చాలామందికి వస్తుంది. ఎప్పుడని మాత్రం మాటివ్వలేను" అన్నాడు. అప్పట్నించీ లవంగాలు, నిమ్మతొక్క, కాఫీ పొడి, వెల్లుల్లి నాలుగు సీసాల్లో కిటికీ దగ్గర చేరాయి. పొద్దునా సాయంత్రం ఆవిడ మూత తీసి పట్టుకునేది. "ఏమైనా?" "ఊహూ." "ఇది?" "ఊహూ." బడిలో హాజరు వేసినట్టే, కాకపోతే ఒక్కరూ పలికేవారు కాదు.

కూతురు ఊరికి ఆ చివర మందుల షాపులో పనిచేస్తుంది. ఆ ఆదివారం పొద్దున్నే ఫోన్ చేసి, "నాన్నా, ఇవాళ మీరిద్దరూ నేను చెప్పే వంట చెయ్యండి. సరుకులు మనిషితో పంపిస్తున్నాను, పద్ధతి అమ్మ ఫోన్లో పెడతాను. కూరగాయల బేక్, మెడిటరేనియన్ పద్ధతిది. వెల్లుల్లి, ఉల్లి, ఆలివ్ నూనె, ఘాటైన ఎండు ఆకులు, అన్నీ ఒకే ట్రేలో ఉంటాయి. వేడికి అవన్నీ కలిసి లేస్తే నీ ముక్కు లేవకుండా ఎక్కడికి పోతుంది?" అంది. ఆ పిల్ల కొనిచ్చిన చిన్న ఓవెన్ రెండేళ్లుగా వంటింట్లో ఉంది. మాస్టారు దాన్ని బొమ్మ పొయ్యి అనేవాడు. ఇన్నాళ్లూ దాని పని నెత్తిన పాత్రలు మోయడమే.

పాత్రలు దించారు. ఆవిడ వంకాయల్ని చక్రాల్లా తరిగి, ఉప్పు రాసి, నీరు ఊరాక గుడ్డతో ఒత్తింది. జుకీనీ అంటే ఏమిటోనని భయపడింది గానీ, తీరా చూస్తే అది కీరదోసకాయకి దగ్గర చుట్టంలా ఉంది. టమాటాలు, ఎర్ర క్యాప్సికం, ఉల్లిపాయలు కూడా చక్రాలయ్యాయి. మాస్టారు ట్రేకి నూనె రాసి, అడుగున టమాటా గుజ్జు పరిచి, ఒక వంకాయ, ఒక జుకీనీ, ఒక టమాటా చొప్పున చక్రాల్ని నిలబెట్టి ఒకదానికొకటి ఆనించి పేర్చాడు. ఆ చేతులు చూస్తే ముచ్చటేస్తుంది. పని తెలిసిన చేతులు మరి!

పేరుస్తూ పేరుస్తూ ప్రతిదీ ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఆలివ్ నూనె ఏమీ చెప్పలేదు. ఎండు ఆకుల్ని అరచేతిలో నలిపి చూశాడు. చేతికి గడ్డి నలిపినట్టుంది, అంతే. పచ్చి వెల్లుల్లి దంచి రోలు మీదికి వంగితే కళ్ల వెంట నీళ్లొచ్చాయి. కళ్లకి తెలిసింది, ముక్కుకి తెలియలేదు.

"ఏమైనా?" అంది ఆవిడ.

"వదిలెయ్. వండి తినేద్దాం, అదైనా దక్కుతుంది."

దంచిన వెల్లుల్లీ, నలిపిన ఆకులూ చల్లి, పైన చీజు తురిమి వేశాడు. "రెండొందల డిగ్రీలు, నలభై ఐదు నిమిషాలట" అని ఆవిడ ఫోన్లో చూసి చదివింది. ఇంతలో వీధి తలుపు దగ్గర ఎవరో పిలిస్తే అటు వెళ్లింది. మాస్టారు ట్రే లోపలికి తోసి, వేడి మీట ఇంకాస్త పైకే తిప్పి, తలుపు మూసి, చేతులు దులుపుకుని వచ్చేశాడు. ఆ ఓవెన్‌కి వేడి మీట వేరు, టైము అవగానే మోగే గంట మీట వేరు. గంట మీట తిప్పాలన్న సంగతే ఆయనకి తట్టలేదు. ముప్పై రెండేళ్ల అలవాటు కదా, చేతులకి ముక్కు పోయిన సంగతి ఎవరు చెప్పారు?

"గంట పెట్టారా?" అని ఆవిడ అక్కణ్నుంచే అడిగింది.

"ఆఁ, ఆఁ" అన్నాడు, వినకుండానే. ఆయన మనసంతా ముందుగదిలో బల్ల మీదున్న తెల్లకాగితం మీద ఉంది. రేపు పొద్దున యజమానికి ఇవ్వాల్సిన ఉత్తరమది. పని మానేస్తానని రాయాలి.

కూర్చున్నారు ఇద్దరూ. ఆయన రాస్తున్నాడు, కొట్టేస్తున్నాడు, ఆవిడ వంకలు పెడుతోంది.

"వయసు పైబడినందువల్ల అని రాయనా?"

"మీకేం వయసు పైబడింది? నిన్నగాక మొన్న నీళ్ల ట్యాంకు ఎక్కారు. అబద్ధాలు రాయకండి."

"మరేం రాయను? నిజం రాయనా, ముక్కు లేనివాణ్ణని?"

"ఇంకో ట్రే మాడితే ప్యాకింగులో కూర్చోమన్నాడు, అంతేగా. కొన్నాళ్లు కూర్చుంటే ఏం? ఈలోపు అదే వస్తుంది."

మాస్టారు కలం పక్కన పెట్టాడు. "కూర్చోలేనే. ఇన్నేళ్లూ బట్టీకి ఎదురుగా నిలబడ్డాను. ఇప్పుడు దానికి వీపు పెట్టి కూర్చుని డబ్బాలకి దారాలు కట్టమంటే నావల్ల కాదు. అందరూ జాలిగా చూస్తారు. పైగా అవతల రొట్టె కాలుతూ ఉంటుంది, నాకేమో తెలియదు. నేనెందుకూ పనికిరానేమోనని రోజూ భయంగా ఉంటోంది, అసలు రేపు పొద్దున…"

మాట పూర్తి చెయ్యలేదు. లేచాడు.

"ఎక్కడికండీ?"

"ఉండు, అయిపోయింది."

వంటింట్లోకి వెళ్లి, గుడ్డ చుట్టుకుని, ఓవెన్ తలుపు తీశాడు. చీజు బంగారు రంగులో బుడగలేస్తోంది. అంచుల్లో టమాటా రసం కుతకుతలాడుతోంది. వంకాయ చక్రాల చివర్లు ముడుచుకుని గోధుమరంగుకి తిరిగాయి. ఇంకొక్క రెండు నిమిషాలుంచితే నల్లబడేవి.

ఆవిడ వెనకాలే వచ్చి, "గంట మోగలేదే!" అంది. మీట చూసింది. అది సున్నా దగ్గరే ఉంది. గోడ గడియారం చూసింది. ట్రే పెట్టి ముప్పై ఎనిమిది నిమిషాలు. ఆవిడ లెక్క ఎప్పుడూ తప్పదు.

"ఏమండీ," అంది, "అయిందని మీకెవరు చెప్పారు?"

"ఎవరు చెప్పడమేమిటి? పచ్చి వాసన పోయి, వెల్లుల్లి కమ్మగా…"

అక్కడ ఆగిపోయాడు. ట్రే చేతుల్లోనే ఉంది. ఆవిడ గబుక్కున దాన్ని అందుకుని బల్ల మీద పెట్టకపోతే ఏమయ్యేదో. మాస్టారు అక్కడే నేలమీద చతికిలబడి, రెండు చేతుల్లో మొహం దాచుకుని, చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. ఆవిడా ఏడ్చింది. ఏడుస్తూనే వెళ్లి సీసాలు పట్టుకొచ్చింది, ఆవిడ సంగతి తెలిసిందే కదా. వెల్లుల్లి పలికింది. లవంగం సన్నగా పలికింది. కాఫీ అవునో కాదో అన్నట్టు ఉంది. నిమ్మకాయ మాత్రం పలకలేదు.

"పోనీలెండి, అదీ వస్తుంది" అంది ఆవిడ, ముక్కు చీదుకుంటూ. కూతురికి ఫోన్ చేస్తే అవతల ఆ పిల్ల పెట్టిన కేకకి ఎవరో కంగారుపడి ఏమైందమ్మా అని అడగడం ఇక్కడికి వినపడింది.

తర్వాత ఆవిడ ఉత్తరం తీసుకుని, "చించెయ్యనా?" అంది.

"ఉండు" అని మాస్టారు కాగితం తిప్పి, వెనకవైపు ఒక్క కొట్టివేత కూడా లేకుండా రాశాడు. రాసింది పైకి చదివాడు. "మూడు నెలలుగా నాకు వాసన తెలియలేదు. మీకు చెప్పకుండా దాచాను, తప్పు నాదే. ఇవాళ తిరిగి వచ్చింది, పూర్తిగా కాదు. రేపు మీరు నా పక్కన నిలబడండి. గడియారం మీరు చూడండి, ట్రే నేను తీస్తాను."

ఆవిడ తల ఊపింది. రెండు పళ్లేల్లో వడ్డించి ఒకటి ఆయన ముందుకి జరిపింది. ఆయన పళ్లెం మీదికి వంగి, కళ్లు మూసుకుని అలాగే ఉండిపోయాడు. ఎంతకీ ముద్ద ఎత్తడు.

"తినండీ, చల్లారిపోతోంది."

"ఉండవే," అన్నాడు మాస్టారు, "ఇంకాసేపు వాసన చూడనీ."