అటక మీద ఖాళీ

కలకత్తా బస్సు కండక్టర్ల మీద నాకొక చిన్న ఫిర్యాదు ఉంది. ఫుట్‌బోర్డు మీద మనుషులు వేలాడుతుంటారు, లోపల ఎవరి మోచెయ్యి ఎవరిదో తెలీదు. కండక్టరు మాత్రం బస్సు రేకు మీద చరుస్తూ "వెనక్కి జరగండి, వెనకంతా ఖాళీయే" అంటాడు. ఆ ఖాళీని కళ్ళారా చూసినవాడు నాకింతవరకు తారసపడలేదు.

అందుకే మా గార్డెన్ రీచ్ పెంకుటింట్లో మిస్త్రీ తలెత్తి చూసి "పైనంతా ఖాళీయే కదా దాదా" అన్నప్పుడు నాకు ఆ గొంతే వినపడింది.

అవసరం నాది. వాట్‌గంజ్‌లో సంబంధం కుదిరింది. నేను బి.ఏ. చదివినా వాళ్ళు పెద్దగా అభ్యంతరం చెప్పలేదు. అభ్యంతరమల్లా ఇంటితోనే. ఉన్నది ఒక గది, ఒక వసారా. గదిలో అమ్మా నాయినా, వసారాలో నేనూ నా సైకిలూ. పిల్లను పెంచిన నాయనమ్మ ఒకటే కబురంపింది: "తలుపున్న గది సూపిస్తే ముహూర్తం ఎట్టిస్తాను. నేదంటే నేదు."

మిస్త్రీ ఉపాయం చెప్పాడు. కప్పుకి ఒక వైపు కొంత మేర పెంకులు తీసేసి, వాసాలు పైకెత్తి, కింద నిలువుగా చిన్న గోడ కట్టి కిటికీ పెడితే అటకే గదైపోతుందట. మర్యాదకి దాన్ని చిలేకోఠా అన్నాడు, మేడల మీద బాబులకుండే గదిలాగ.

"కొత్త కప్పు పాత కప్పుని కలిసేచోట వాన ఎటు పోతుంది?" అనడిగాను.

"కిందికే పోతుంది దాదా."

నా భయమూ అదే.

నాయినకి వానతో పేచీ లేదు, మనుషులతోనే. ఆయన రేవులో పనిచేసేవారు. మూట కట్టేది ఒకడు, మోసేది ఒకడు, సంతకం పెట్టేది ఇంకొకడు అయిన చోట బతికిన మనిషికి, అడగ్గానే ఒప్పుకునేవాడంటే గుబులు. ఇంటి ఓనరు అడగ్గానే ఒప్పుకున్నాడు. "గోడకి మేకు కొడతానంటే మూడు మాట్లు ఆలోసించే బాబు, కప్పు ఇప్పేత్తానంటే సరే అంటాడేటి?" అన్నారు నాయిన. ఆ రోజుల్లో పాడాలో, అంటే పేటలో, ఇటుక కదలాలన్నా అక్కడి క్లబ్బుని నడిపే దాదా తల ఊపాలి. ఆయన ఊపడమే కాకుండా, పెంకులు దించడానికి కుర్రాళ్ళని పంపిస్తానన్నాడు.

"దించుతారట. మరి ఎక్కించీదెవుడు?"

"వాళ్ళే ఎక్కిస్తారేమో నాయినా."

"ఆల్లకేటి లాభం?"

మా ఇంట్లో అనుమానం పిత్రార్జితం, నా వాటా నాకు ముందే అందింది. ఈ ఊళ్ళో ముగ్గురు ఒకే మాట మీద నిలబడ్డారంటే అది ఊరేగింపైనా అయ్యుండాలి, ఉచ్చైనా అయ్యుండాలి.

ఇలా మేం ఓనర్నీ దాదానీ మిస్త్రీనీ వంతులవారీగా అనుమానిస్తూ వర్షాకాలం దాకా లాక్కొచ్చేసరికి, కబురు లేకుండా పిల్ల నాయనమ్మే ఇల్లు చూడ్డానికి వచ్చింది. మా సొంతూరి వైపు ఇల్లు చూడ్డానికొచ్చినవాళ్ళు మాట తేలేదాకా మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టరు. అమ్మ ఇచ్చిన టీ గుమ్మం పక్కన పెట్టించి, చీర కుచ్చిళ్ళు దోపుకుని, నిచ్చెన వేయమంది.

"పెద్దమ్మా, పైనంతా దుమ్ము, నువ్వెందుకూ," అన్నారు నాయిన. ఆయన అంత మెత్తగా మాట్లాడగా నేను వినలేదు.

"నా మనవరాలు ఎక్కాలంటే ముందు నేనెక్కాల కదా."

ఎక్కింది. వెనకే నేను కూడా. పైన ఖాళీ లేదు. ఇంటి కొప్పు కింద, మనిషి నిలబడగలిగిన ఆ ఒక్క చోటంతా గోనె చుట్టిన మూటలు, రేవు తాడుతో రేవు ముడులు. ఆవిడ ఒక్కొక్కదాని గోనె కొంచెం తప్పించి చూసింది. ఇత్తడి గంగాళం. నవారు చుట్ట. విరగ్గొట్టిన ఓడలోంచి కొన్న టేకు చెక్కతో చేయించిన ద్వారబంధం, తలుపులతో సహా.

"ఇదేటి నాయినా?" పైనుంచే అడిగింది.

"ఊరి సామాను," కింద నుంచి నాయిన. "ఈ ఏడు కాపోతే పైయేడు ఎలిపోతాం కదా. అక్కడ ఇల్లు కట్టినపుడు..."

హౌరాలో బండి ఆలస్యమన్న ప్రకటనలాంటిది ఆ మాట. చిన్నప్పట్నుంచీ వింటున్నాను. అందరికీ వినపడుతుంది, ఎవరూ బెంచీ మీంచి లేవరు. మిస్త్రీ ఎన్నిసార్లు అడిగినా, ఇంట్లోనే ఉన్న నిచ్చెన పక్కింటివాళ్ళ దగ్గరుందని నాయిన ఎందుకు చెప్పారో అప్పుడు కొంచెం అర్థమైంది.

ఆవిడ మెల్లగా దిగింది. చేతుల దుమ్ము దులుపుకుంది. గుమ్మం పక్కన చల్లారుతున్న టీ వైపు చూసింది గానీ ముట్టుకోలేదు.

"గదికి సోటు సాలుద్ది," అంది నాయినతో. "తలుపు కూడా పైనే ఉంది. ఆ మూటలిప్పుతావా, నా మనవరాల్ని కూడా గోనెలో సుట్టి ఆటి పక్కన ఎడతావా? అది సెప్పు నాయినా."