పురుగు కొరకని చుక్కకూర

బోనాలైన తర్వాతి ఆదివారం, మధ్యాహ్నం ఒంటిగంట. హాజరైనవారు: నేను, నా భార్య, ఆమె తమ్ముడు, అతని భార్య. అతను వెంట తెచ్చుకున్న స్టీలు డబ్బాను కూడా డైరీలో ఐదో మనిషిగా రాసుకున్నాను. అది లేకపోతే ఆ పూట లొల్లే లేదు.

లాల్‌దర్వాజాలో మా మిద్దె మీద, పాత నూనె డబ్బాల్లో నా భార్య ఇరవై ఏళ్లుగా చుక్కకూర పెంచుతోంది. మందు కొట్టదు. బియ్యం కడిగిన నీళ్లు పోస్తుంది, పులిసిన మజ్జిగ చల్లుతుంది. రోజూ పొద్దున ఆరింటికి అద్దాలు పెట్టుకుని, ఆకు ఆకూ తిప్పి పురుగులు ఏరుతుంది. ఎన్ని ఏరిందో కిందికొచ్చి చెబితే నేను రాసుకుంటాను. ఆ ఆదివారం తొమ్మిది.

తల్లి పోయాక తమ్ముణ్ని ముద్దలు కలిపి పెట్టి పెంచింది ఆమే. కొత్త సిటీకి మారి ఆర్గానిక్ మనిషి అయినప్పటి నుంచి అతను మా ఇంట్లో మెతుకు ముట్టలేదు. ఈసారైనా తింటాడని ఆమె పొద్దుటి నుంచీ పొయ్యి వదల్లేదు. చుక్కకూర పప్పు, జొన్నరొట్టె, పచ్చిపులుసు, మజ్జిగ.

వంటింట్లో మిగిలిన పచ్చి ఆకును అతను వెలుతురుకు పట్టి చూశాడు. వెనకట కార్వాన్‌లో వజ్రాలు అమ్మినవాళ్లు కూడా అంతసేపు చూసి ఉండరు.

"అక్కా, ఒక్క చిల్లు లేదు. గిది మందు కొట్టిన కూర."

"మందేంది తమ్మీ? నేనే పెంచిన."

"విత్తనంలనే కలుపుతరు, నీకు తెల్వది. పురుగు తిన్నదే మనం తినాలె."

"పురుగు ఎంగిలి తింటవు గాని అక్క చేతి ముద్ద తినవు. మస్తుగున్నది," అన్నాను.

"బావా, నువ్వు డైరీ రాస్కో."

డబ్బా తెరిచాడు. దుకాణంలో కొన్న పాలకూర, జల్లెడలా చిల్లులు, ఉప్పు లేకుండా ఉడికించింది. కళ్లు మూసుకుని నమిలాడు. అతని భార్య మాత్రం మూడు రొట్టెలు పప్పులో ముంచి తిని, "నాకు మందే మంచిగున్నది వదినా," అంది.

నా భార్య నవ్వలేదు. వాళ్లు వెళ్లాక మిగిలిన పప్పుకు మూతపెట్టి, "రేపు పురుగులు ఏరను. ఎవరి కోసం ఏరాలె?" అంది.

మర్నాడు ఆరింటికి నిజంగానే మిద్దె ఎక్కలేదు. ఎనిమిదింటికి తమ్ముడు వచ్చాడు, మరిచిపోయిన డబ్బా కోసం. అప్పుడు ఎక్కింది. డబ్బా నిండా ఆకు కోసుకొచ్చి అతని ముందు పెట్టింది. పై ఆకుకు రెండు చిల్లులు, అంచున ఒక పచ్చ పురుగు తీరిగ్గా నడుస్తోంది.

అతని ముఖం వెలిగిపోయింది. "గిదీ అసలు కూర! ఎక్కడిదక్కా?"

"నిన్న నువ్వు చూసినదే. గా చెట్లదే."

ఆ మాట అతని చెవికెక్కలేదు. అతను పురుగును చూస్తున్నాడు. ఆమె నిన్నటి పప్పు వేడిచేసి పెట్టింది. నాలుగు రొట్టెలు తిన్నాడు. మజ్జిగ రెండుసార్లు అడిగి పోయించుకున్నాడు.

నేను నోరు తెరవబోతే ఆమె గరిటె చూపించింది. డైరీ తీసి రాసుకున్నాను: ఏరిన పురుగులు సున్నా.