షామ్‌బర్గ్‌లో ఒక ఎంట్రీ

వారమంతా భీమశంకరం అమెరికాలో ఒక ఆఫీసులో ఎవరో రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతికేవాడు. ఆదివారం మాత్రం బతికేవాడు. షామ్‌బర్గ్‌లో మిసెస్ హాన్ అనే కొరియన్ ముసలావిడకు ఒక పాత సినిమా హాలుంది. దాన్ని అద్దెకు తీసుకుని తెలుగు సినిమాలు వేసేవాడు. హీరో తెరమీదికి రాగానే మొదటి విజిల్ అతనిదే. వెంటనే చీకట్లో కాగితం ముక్కలు మంచులా కురిసేవి. ఆ గోలకు చుట్టుపక్కల మరే హాలువాళ్లూ ఒప్పుకోలేదు.

2009 ఆగస్టు పదిహేను, శనివారం. కొరియా జపాన్ చేతుల్లోంచి బయటపడిన తారీఖు కూడా అదే. తమవాళ్ల కోసం మిసెస్ హాన్ ఆ పరాయి పాలన నాటి కథతో తీసిన కొరియన్ సినిమా వేస్తోంది.

"వెనక వరసలు ఖాళీ. మీ కుర్రాళ్లను తీసుకురా," అంది.

మాస్టర్స్ చదివే కుర్రాళ్లను వెంటేసుకుని వెళ్లాడు.

తెరమీద పొగమంచు. రైలు ఆగింది. మెరిసే బూట్లు నెమ్మదిగా నేలను తాకాయి. గాలిలో తేలే కోటు అంచు. ముఖం ఇంకా చూపించలేదు.

"అన్నా, ఎంట్రీ అంటే ఇదీ! హీరో దిగిండు!" అన్నాడు పక్కనున్న రఘువీర్.

భీమశంకరం వేళ్లు వాటంతటవే నోట్లోకి వెళ్లాయి. విజిల్ హాలును చీల్చింది. వెనక వరసలన్నీ లేచాయి. కాగితాలు ఎగిరాయి.

ముందు వరసల్లో కొరియన్ పెద్దలది ఒక్క నెరిసిన తలా వెనక్కి తిరగలేదు. అతనికి అదే భయమేసింది. అప్పుడు చదివాడు తెర కింద ఇంగ్లిష్ అక్షరాలు. బొమ్మ ఆగింది. లైట్లు వెలిగాయి.

"ఏమైందన్నా?"

"వాడు జపాన్ పోలీసురా. ఊళ్లో కుర్రాళ్లను పట్టుకుపోవడానికొచ్చాడు."

"స్లో మోషన్‌లో దింపితే హీరో అనుకోమా మరి?"

"నోర్ముయ్ రా."

ప్రొజెక్టర్ గదిలోంచి మిసెస్ హాన్ సీట్లు పట్టుకుంటూ వచ్చింది. ఇక ఆదివారాలు లేవనుకున్నాడు భీమశంకరం.

"సారీ. హీరో అనుకున్నాం."

ఆవిడ అతని భుజం మీది కాగితం ముక్క తీసింది.

"బళ్లో నా పేరు తీసేసి జపాన్ పేరు పెట్టారు," అంది మెల్లని ఇంగ్లిష్‌లో. "ఇలాంటి ఆఫీసరు వచ్చిన రోజు మా చేతికి కాగితం జెండాలిచ్చారు. ఊపాను. ఆ బూట్లు నాకూ ఎంతో అందంగా కనిపించాయి."

ముందు వరసలోంచి ఒక ముసలాయన లేచి, తలుపు వైపు చేయి చూపిస్తూ కొరియన్‌లో అరిచాడు. ఆ మాట అందరికీ అర్థమైంది. కుర్రాళ్లు బ్యాగులు అందుకున్నారు. మిసెస్ హాన్ ఆయనకు అంతకంటే గట్టిగా ఏదో చెప్పింది. ఆయన కూర్చునేదాకా చూసి, ఇటు తిరిగింది.

"కూర్చోండి. మొదటినుంచి వేస్తాను. ఈసారి కింద అక్షరాలు చదవండి."

ప్రొజెక్టర్ ఆన్ చేసి వచ్చి భీమశంకరం పక్కనే కూర్చుంది. రైలు ఆగింది. బూట్లు దిగాయి. చల్లని వేళ్లు అతని మణికట్టును పట్టుకున్నాయి. ఆఫీసరు తెర దాటేదాకా వదల్లేదు.

సినిమా అయ్యాక అతను సీట్ల మధ్య వంగి కాగితాలు ఏరసాగాడు.

"రేపు మీ షో ఎన్నింటికి?" అని అడిగింది మిసెస్ హాన్.

అతను గుప్పెడు కాగితాలతో లేచాడు.

"మూడింటికి," అన్నాడు.