పైకి కనబడని దెబ్బ

“అమ్మా, మళ్ల కడుపు రుద్దవు గదా?”

“ఇగ రుద్దను బిడ్డా.”

ఆపరేషన్ గది ముందు నేను, నా తొమ్మిదేళ్ల కూతురు లక్ష్మి మాట్లాడుకున్న ఆఖరి మాటలివే. వాళ్ల నాయన పోయాక నాకు మిగిలింది ఆ పిల్ల ఒక్కతే.

మా ఊరు తెలకపల్లిలో లక్ష్మి సైకిల్ మీద నుంచి పడితే హ్యాండిల్ కడుపుకు గట్టిగా తగిలింది. పైన గాయం లేదు. బొడ్డు జరిగిందనుకుని, మా వైపు అందరూ చేసినట్టే, మూడు రోజులు ఆముదం రాసి రుద్దాను. వాంతులు ఆగకపోతే హైదరాబాద్ దవాఖానకు తీసుకుపోయాం. స్కానింగ్ చూసిన డాక్టరు, “పొట్ట వెనకాల ఉండే క్లోమం చిట్లిందమ్మా. పడిన రోజే తేవాల్సింది,” అన్నాడు. ఆపరేషన్ చేసినా బిడ్డ దక్కలేదు.

మీ పిల్లలకు గిట్ల తగిలితే రుద్దకండి, దవాఖానకు పోండి.

చెల్లెలి బిడ్డ సుజాతతో ఇది రాయిస్తున్నాను. సుజాతా, రాసింది జర చదివి ఇనిపియ్యవే. రుద్దనని లక్ష్మికి చెప్పిన మాట ఉన్నదా చూడు.